డౌట్ సార్ తెరిచి పెట్టిన ఫైలు

పోయిన నెలలో ఒకరోజు పప్పుకు పోపు పెడుతుంటే ఫోన్ మోగింది. ఒకప్పుడు మేడ్చల్ మందుల కంపెనీలో నాతోపాటు ల్యాబ్‌లో పనిచేసిన స్నేహితురాలు. "మన డౌట్ సార్ పోయారంట" అంది.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

 ఇద్దరం పకపకా నవ్వాం. చావు కబురు విని నవ్వడమేమిటని మీరనుకోవచ్చు. ఆ మాట నాది కాదు, ఆయనది. ఎవరు ఏం చెప్పినా ముందు ఆ ప్రశ్న వేయడం ఆయన అలవాటు. అది నా నాలుక మీద ఎప్పుడు వచ్చి కూర్చుందో గానీ, చివరికి ఆయన చావు కబురు మీదికే దూకింది. నవ్వు ఆగాక స్టవ్ కట్టేసి కుర్చీలో కూలబడ్డాను. పోపు ఎలాగూ మాడిపోయింది.

ఆయన మా కంపెనీలో కంప్యూటర్లకు పెద్ద. ఇది కొత్త శతాబ్దం మొదలైన తొలిరోజుల మాట. కంపెనీలన్నీ అప్పుడప్పుడే కాగితాలు మానేసి కంప్యూటర్లలోకి మారుతున్నాయి. ల్యాబ్‌లో మేం చేసిన పరీక్షల ఫలితాలన్నీ ఒక సర్వర్‌లోకి వెళ్లేవి. ఆ సర్వర్ అద్దాల గదిలో, ఏసీ చల్లదనంలో, పెళ్లికూతురిలా కూర్చుని ఉండేది. ఆ గదికి రెండు తాళాలు. ఒకటి కంపెనీ వేసింది, రెండోది ఆయన సొంత డబ్బుతో కొనుక్కొచ్చి వేసింది.

సాయంత్రం తాళం వేసి, లాగి చూసి, మెట్ల దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి లాగి చూసేవారు. మేం బస్సులో కూర్చుని కిటికీలోంచి ఆ తంతు చూస్తూ ఉండేవాళ్లం. ఆయనది మాత్రం స్కూటరు. శామీర్‌పేట దాటాక లోపలికి ఉన్న ఒక ఊరు ఆయనది. అక్కడినుంచి రోజూ దాని మీదే వచ్చేవారు. సర్వర్ గది కిటికీలోంచి కనిపించే చోటే దాన్ని నిలపాలి. మనతో మాట్లాడుతూ మాట్లాడుతూ మెడ సాచి, అది ఉందో లేదో చూసుకునేవారు. అంత పాత స్కూటరును ఎవరైనా ఎత్తుకుపోతే దొంగ మీద జాలి పడాలి గానీ, ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఎవరికుంది?

"వాన పడుతోంది సార్" అంటే "ఎవలు జెప్పిన్రు?" అనేవారు. "నేనే చూశాను సార్" అంటే ఊరుకునేవారు కాదు. కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టి, తడిసిన అరచెయ్యిని చూసుకుని, అప్పుడు "ఆఁ, వడతాంది" అనేవారు. కుర్చీలో కూర్చునే ముందు కీబోర్డు ఎత్తి కింద చూసేవారు. కింద ఏముంటుందని? బిస్కెట్ ముక్కలు. ఒకసారి మేడ్చల్ రోడ్డు పక్కన ద్రాక్ష కొంటూ కనిపించారు. అప్పట్లో ఆ దారంతా ద్రాక్ష తోటలే, సీజన్లో తోటల ముందే బుట్టలు పెట్టి అమ్మేవాళ్లు. ఈయన బుట్ట మొత్తం గోనెపట్టా మీద బోర్లించి, అడుగున ఉన్న గుత్తులను పైకి తీసి చూస్తున్నారు. అమ్మే ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "గింత అనుమానమైతె తోటే పెట్టుకోరాదు సారూ" అంటోంది.

"పెట్టిన. కాపలోని మీద డౌటొచ్చి తీసేసిన" అన్నారాయన. ఆ మాట నిజమో వేళాకోళమో నాకిప్పటికీ తెలియదు. ఆయన మొహం చూసి ఏదీ పోల్చుకోలేం.

నేను ఉద్యోగంలో చేరిన రోజు లాగిన్ తీసుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం కోసం వచ్చి కుత్బుల్లాపూర్ దగ్గర ఒక కొత్త కాలనీలో ఉంటున్నాం. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "పాస్‌వర్డ్ ఎవలకు జెప్పొద్దు" అన్నారు.

"సరే సార్."

"నాకు గూడ జెప్పొద్దు."

"చెప్పను సార్."

"మల్ల నేనడిగితే?"

"మీరడిగితే చెప్పక తప్పుతుందా సార్, మీరే కదా పెద్ద?"

"అగో! గదే నా డౌటు." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ దిక్కోళ్లు మస్తు తియ్యగ మాట్లాడ్తరు. గందుకే జర భయం."

నాకు ఒళ్లు మండింది. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయనకు "డౌట్ సార్" అని పేరు పెట్టింది నేనే. వారం తిరక్కుండా వాచ్‌మన్ దాకా అందరి నోటా అదే పేరయింది. ఆయనకూ తెలుసు. పెట్టిందెవరో కనుక్కోవడానికి చాలా రోజులు ప్రయత్నించారని విన్నాను.

ఒక్క చోట మాత్రం ఆయనను మరో మనిషిగా చూశాను. ఒక ఏడాది బోనాలకు మా ల్యాబ్ వాళ్లందరినీ వాళ్ల ఊరికి పిలిచారు. వెళ్లేసరికి పైజామా, బనీను మీద, నుదుట పసుపు బొట్టుతో, పెద్ద గొంతుతో నవ్వుతూ ఎదురొచ్చారు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. ఇంటి వెనక ఖాళీ జాగాలో పట్టా పరిచి, కోసిన యాట మాంసాన్ని పోగులు పెడుతున్నారు. అన్నదమ్ముల పిల్లలు, పాలోళ్లని వాళ్లు పిలిచే దాయాదులు, ఎన్ని ఇళ్లుంటే అన్ని పోగులు. ఒక ముసలాయన ఈ పోగులోంచి ఒక ముక్క తీసి ఆ పోగులో వేస్తూ, ఎముక ఎక్కువైన చోట కాస్త కండ కలుపుతూ సరిచేస్తున్నాడు. చుట్టూ ఊరంత జనం కూర్చుని చూస్తున్నారు. అన్నీ సరిపోయాయనుకున్నాక ఒకడు పోగుల వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ముసలాయన ఒక పోగును కట్టెతో తాకి, "గిది ఎవలది?" అన్నాడు. వెనక్కి చూడకుండానే వాడొక ఇంటి పేరు చెప్పాడు. ఆ పోగు ఆ ఇంటిది. గొడవ లేదు, గొణుగుడు లేదు.

నేను ఆయన పక్కకు జరిగి, "మీకు డౌట్ రాదా సార్ ఇక్కడ?" అన్నాను, ఉడికించడానికే.

"ఎందుకొస్తదమ్మా? అందరి నడుమల వెట్టినంక ఎవడు చెయ్యి వెడ్తడు? పెడితే కనవడదా?" అన్నారు. అంత నిశ్చింతగా ఆయన మాట్లాడటం నేను మళ్లీ వినలేదు.

ఇక్కడ లాగ్ గురించి రెండు మాటలు చెప్పాలి. సర్వర్ తన పని చేసుకుపోతూనే, ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారు, ఏ ఫలితాన్ని ఏమని మార్చారు అన్నది ఒక ఫైలులో తనంతట తానే రాసుకుంటూ పోతుంది. దాన్నే లాగ్ అంటారు. ఏదైనా తేడా వస్తే అదే సాక్ష్యం. ఈయన ఆ ఫైలును ల్యాబ్ కంప్యూటర్లలోంచి కూడా కనిపించేలా పెట్టారు. "సూస్తుండున్రి, ఎవల మీద డౌటొస్తే గది తెరిసి సూడున్రి" అని అందరికీ చెప్పారు. మేం ఎప్పుడూ తెరవలేదు. ఎవరికి పట్టింది? మా పరీక్షలు మాకే చాలడం లేదు.

ఒక వర్షాకాలం ఆ లాగే నా మెడకు చుట్టుకుంది. పిల్లల జ్వరం మందు ఒక బ్యాచ్‌ను పరీక్ష చేసింది నేనే. అందులో ఒక మలినం అనుమతించిన దానికంటే ఎక్కువ వచ్చింది. ఫెయిల్ అని సర్వర్‌లో ఎక్కించాను. కొన్నాళ్లకు మా ల్యాబ్ పెద్ద పిలిచింది. ఆవిడ గట్టి మనిషి, అరవదు, గొంతు ఎంత తగ్గిస్తే అంత కోపమని లెక్క. ఆ రోజు దాదాపు గుసగుసగా అంది: "ఆ బ్యాచ్ ఫెయిలన్నావు కదా. కంప్యూటర్ పాస్ అంటోంది. సరుకు లారీ ఎక్కుతోంది. ఏమిటిది?"

లారీని ఆపారు. లాగ్ తీశారు. ఫలితం మారింది నిజం. మార్చింది ఎవరన్న చోట నా లాగిన్ పేరుంది. సమయం భోజనాల వేళ.

"నేను కాదు మేడం. అప్పుడు క్యాంటీన్‌లో ఉన్నాను."

"ఎవరు చూశారు?"

చూసినవాళ్లు చాలామందే ఉండాలి. కానీ వారాల కిందటి మధ్యాహ్నం ఎవరు ఏ బల్ల దగ్గర తిన్నారో ఎవరికి గుర్తుంటుంది? గుర్తున్నవాళ్లకు కూడా ఆ రోజుకు మతిమరుపు వచ్చేసింది.

పిల్లల మందు ఫలితంలో అబద్ధం రాసిందన్న పేరుతో బయటికి పంపిస్తే, మేడ్చల్ నుంచి జీడిమెట్ల దాకా ఏ మందుల కంపెనీ నన్ను గేటు లోపలికి రానివ్వదు. పోలీసు కేసు పెడతారన్న మాట కూడా వినిపించింది. నాన్న పనిచేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది, ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. ఇంట్లో చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని కెలికి లేస్తుంటే అమ్మ ఎసిడిటీ అనుకుని మజ్జిగ ఇచ్చేది.

ఆ రోజుల్లో నేనూ డౌట్ సార్‌నే అయిపోయాను. నా పక్క బల్ల అమ్మాయి నా పాస్‌వర్డ్ చూసిందా? ప్రొడక్షన్ నుంచి ఆ రోజు ల్యాబ్‌కు ఎవరు వచ్చారు? నన్ను చూసి మాట ఆపేసిన ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు? రోజూ నా డబ్బాలోంచి గోంగూర పచ్చడి అడిగి తీసుకునే మనిషి ఆ వారం వేరే బల్లకు మారింది. నేను ఎవరినీ నమ్మలేదు, నన్నూ ఎవరూ నమ్మలేదు. ల్యాబ్ అంతా మూత తీసిన సీసాలా ఉండేది, ఏం ఎగిరి ముక్కులోకి వస్తుందో తెలియదు.

అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఆయన మీదే. సర్వర్ ఆయన చేతిలో ఉంది. మార్చాలంటే ఆయన కంటే సులువుగా ఎవరు మార్చగలరు? పైగా మొదటిరోజు నుంచీ నేనంటే పడదు.

ఎండీ గారు విచారణ పెట్టారు. దానికి ముందురోజు సాయంత్రం, బస్సు కదలడానికి ఇంకా టైముండగా సర్వర్ గదికి వెళ్లాను. ఏం అడగాలని వెళ్లానో నాకే తెలియదు. అద్దం తలుపు తెరిచే ఉంది. అదే వింత. ఆయన వీపు నావైపు ఉంది, తెర మీద ఫైళ్ల వరస. నేను అమీర్‌పేటలో కొన్ని నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను, అందుకని ఆ వరసలో ఒక ముక్క నాకు అర్థమైంది. ప్రతి ఫైలుకూ పక్కన కొన్ని అక్షరాలుంటాయి. దాన్ని ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది అవే చెబుతాయి. లాగ్ ఫైలు పక్కన అక్షరాలు నిండుగా ఉన్నాయి. అంటే యజమానికే కాదు, కంపెనీలో ప్రతివాళ్లకూ చదవడానికే కాదు, రాయడానికి కూడా అనుమతి ఉంది. రాయొచ్చంటే కొట్టేయొచ్చు. ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టొచ్చు.

 ఆయన కీబోర్డు మీద చేతులు ఆనించి కదలకుండా కూర్చున్నారు. ఒక్క చిన్న కమాండ్ కొడితే ఆ అనుమతులన్నీ మూసుకుపోతాయి. ఆ తర్వాత అవి ఎప్పుడైనా తెరిచి ఉన్నాయని చెప్పే దిక్కు ఉండదు. లాగ్ మచ్చలేని సాక్షి అవుతుంది, నేను దొంగనవుతాను.

తలుపు కిర్రుమంది. ఆయన గిరుక్కున తిరిగి, పక్కనున్న తువ్వాలు తీసి తెర మీద కప్పారు.

"ఎందుకొచ్చినవ్?"

"ఊరికే సార్."

"ఊకెనే ఎవలొస్తరు? ఏం సూసినవ్?"

"ఏం చూడలేదు సార్."

ఆయన నన్ను చూశారు, నేను ఆయనను చూశాను. ఇద్దరికీ ఎదుటివాళ్ల మాట మీద కాణీ నమ్మకం లేదు. "పో. బస్ పోతది" అని తలుపు వేసుకున్నారు. లోపలినుంచి గడియ పడిన చప్పుడు విన్నాను.

బస్సులో గండిమైసమ్మ వైపు వెళ్లేవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. మూసేసే ఉంటాడు, ఇంత సేపటికి మూసేసే ఉంటాడు అని లోపల ఒకటే మాట. ఫైలు తెరిచి పెట్టింది ఆయనే, అది బయటపడితే పోయేది ఆయన ఉద్యోగం. స్కూటరుకు రెండు గొలుసులు వేసుకునే మనిషి తన మెడ కాపాడుకోడా? విచారణలో నేను చూసింది చెప్పాలనుకున్నాను. చెబితే ఎవరు నమ్ముతారు? ఆ పాటికి ఫైలు మూసి ఉంటే, తప్పించుకోవడానికి ఆయన మీద నింద వేస్తోందంటారు.

విచారణ ఎండీ గారి గదిలో. ఎండీ గారు, మా ల్యాబ్ పెద్ద, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ మేనేజర్, డౌట్ సార్, నేను. పర్సనల్ మేనేజర్ మంచివాడే గానీ కంప్యూటర్ ఆన్ చేయడం, పేకాట ఆడటం తప్ప ఆయనకు మరొకటి రాదు. ఎండీ గారు లాగ్ కాగితం బల్ల మీద పెట్టి, "ఇది సర్వర్ దానంతట అదే రాసింది. ఈ అమ్మాయి పేరే ఉంది. ఇక మాట్లాడుకోవడానికి ఏముంది?" అన్నారు. తర్వాత డౌట్ సార్ వైపు తిరిగారు. "మీరు చెప్పండి. దీన్ని నమ్మొచ్చు కదా?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు. మళ్లీ తీశారు. 

"నమ్మరాదు సార్" అన్నారు.

"అంటే?"

"గా ఫైల్‌ను ఎవలైనా ముడ్తరు. నేనే తెర్సిపెట్టిన."

ఎండీ గారు నవ్వబోయి ఆగారు. "మీరా? తెరిచి పెట్టడమా?"

"రండ్రి, సూపిస్త."

అందరం ల్యాబ్‌కు నడిచాం. ఆయన పర్సనల్ మేనేజర్‌ను ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. లాగ్ ఫైలు ఎక్కడుందో చూపించారు. "తెరువున్రి. ఆఁ. గీమె పేరు కాడికి పోన్రి. గది కొట్టెయ్‌న్రి. ఇగ గాడ ఎండీ సార్ పేరు రాయున్రి." పర్సనల్ మేనేజర్ ఎండీ గారి మొహం చూశాడు. "రాయున్రి సార్, ఏం గాదు" అన్నారు ఈయన. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. సేవ్ చేశాడు. ఫైలు కిక్కురుమనలేదు.

ఈయన వెనక్కి తిరిగారు. "ఇగ సూడున్రి. గీ లెక్కన బ్యాచ్ పాస్ జేసింది మీరే సార్."

ల్యాబ్‌లో అందరూ ఎండీ గారి వైపు తిరిగారు. ఫైలు ఆయన మూయలేదన్న సంగతి అప్పుడు నా బుర్రకెక్కింది. ముందురోజు సాయంత్రం అంతసేపు కూర్చుని, మూయకుండానే ఇంటికి వెళ్లారు. నాకు ఏడుపొచ్చింది. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

ఎండీ గారి గొంతు ఇప్పుడు మా ల్యాబ్ పెద్ద గొంతులా తగ్గింది. "ఎందుకు తెరిచారు?"

"మీ మీద డౌటుతోని సార్."

"నా మీదా?"

"మీ ఒక్కరి మీదనే అని గాదు. ఎవలో ఒక పెద్దసారు వచ్చి, గీ లైన్ జర తీసెయ్యరాదు అంటే నేనేం జేస్త? నా ఒక్కని చేతిల ఉంటే నన్నే పట్టుకుంటరు. అందుకే ఊర్ల యాట పోగులేసినట్టు అందరి నడుమల వెట్టిన. అందరు సూస్తుంటే ఎవడు ముట్టడనుకున్న. సూసుడు ఒక్కటే ఇద్దామంటే ల్యాబ్‌ల పాత కంప్యూటర్లల్ల ఫైలు తెరుసుకోకపాయె. ఇగ పరేషానెందుకని అందరికి అన్ని ఇచ్చిన." తెర మీది ఎండీ గారి పేరు వైపు వేలు చూపించారు. "పోగుల కాడ చెయ్యి వెడితే చెయ్యి కనవడతది సార్. గీడ చెయ్యి కనవడది. గది నాకు సమజ్ గాలే."

పోగుల మాట ఎండీ గారికి ఎంత అర్థమైందో తెలియదు. నాకు మాత్రం పట్టా చుట్టూ కూర్చున్న ఆ జనమంతా కళ్ల ముందుకొచ్చారు. లోకంలో ఆయన నమ్మిన ఒకే ఒక్క పద్ధతిని తెచ్చి సర్వర్‌లో పెట్టుకున్నారు. అదే ఆయనను ముంచింది.

బ్యాచ్‌ను పారబోశారు. నా మీద ఆరోపణ వెనక్కి తీసుకుంటున్నట్టు ఎవరూ పెద్దగా చెప్పలేదు, "నువ్వెళ్లి పని చూసుకో" అన్నారంతే. ఆయనను మాత్రం రాజీనామా రాసిమ్మన్నారు. అసలు ఫలితాన్ని ఎవరు మార్చారో ఇవాళ్టికీ తేలలేదు. నా అనుమానం ఒకరి మీద ఉంది. పేరు చెప్పను, నా దగ్గరా ఆధారం లేదు.

ఆయన వెళ్లిపోయే రోజు గేటు దగ్గరికి పరిగెత్తాను. స్కూటరు గొలుసులు విప్పుతున్నారు. పక్కన టిఫిన్ డబ్బా, ఆయన సొంతంగా కొన్న ఆ రెండో తాళం.

"థ్యాంక్స్ సార్. మీరు లేకపోతే నేను..."

"థ్యాంక్సెందుకు? నువ్వు జెయ్యలేదని నేను జెప్పిన్నా? ఫైల్ మాట నమ్మొద్దన్న, గంతే."

"నేను చేయలేదు సార్!"

"ఎవలు జెప్పిన్రు?"

 కృతజ్ఞతతో వచ్చినదాన్ని కోపంతో నిలబడిపోయాను. ఆయన స్కూటరు తన్ని, అది పట్టుకునేదాకా తన్ని, వెళ్లిపోయారు. గేటు దాటాక ఒకసారి అద్దంలో వెనక్కి చూశారు. నన్ను కాదు, తాళం వేసిన డిక్కీని.

తర్వాత ఆయన గండిమైసమ్మ చౌరస్తాలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టారని విన్నాను. కంప్యూటర్ల తెరలన్నీ తన కుర్చీ వైపే తిప్పి పెట్టారట. వచ్చిన పిల్లలు ఆయనకు వీపు పెట్టి కూర్చోవాలి, వాళ్ల భుజాల మీదుగా ప్రతి తెరా ఈయనకు కనిపించాలి. అదెలా కుదిరిందో నాకు తెలియదు గానీ, కుదిర్చే ఉంటారు. నేను ఎన్నోసార్లు ఆ చౌరస్తా మీదుగా వెళ్లాను, ఒక్కసారీ దిగలేదు. ఆ ఒక్క మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. అదే కంపెనీలో పెద్దదాన్నయ్యాను, వేరే కంపెనీకి మారాను, పెళ్లి చేసుకున్నాను, నా కింద పదిమంది పనిచేశారు. ఆయన గుర్తొచ్చినప్పుడల్లా ఒక సర్దుబాటు చెప్పుకునేదాన్ని. నోటితో అనలేదు గానీ, లోపల నమ్మే ఉంటారు. నమ్మకపోతే ఎవరైనా పరాయి ఆడపిల్ల కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా?

దినాలు అయిపోయాక వాళ్ల ఊరికి వెళ్లాను. ఆ రోజు గాలి జవహర్‌నగర్ చెత్తగుట్ట మీదినుంచి ఇటు తిరిగింది. ఆయన భార్య కిటికీలు మూస్తూ, "గాలి మల్లితే గిట్లనే అమ్మా, ఏం జేస్తం" అంది. పేరు చెప్పుకున్నాను. ఆవిడ కిటికీ వదిలేసి నా దగ్గరికి వచ్చి, మొహంలోకి మొహం పెట్టి చూసింది.

"మందుల కంపెనీల లేబు పిల్లవు నువ్వేనా?"

"అవునమ్మా."

"నీ ముచ్చట మస్తు జెప్తుండె బిడ్డా. సచ్చేదాంక జెప్పిండు."

నాకు గుండె నిండిపోయింది. "ఏమనేవారు?" అన్నాను.

ఆవిడ చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు కొంగు సర్దుకుంది. "తప్పు వట్టుకోకు. గా పిల్లనే జేసుంటది అంటుండె."

చాయ్ ఒలికి చీర మీద పడింది. "నేను చేశాననా? చివరిదాకా అదే అన్నారా?"

"గదే అన్నడు. నాకు గూడ కోపమొచ్చేది. గా పిల్ల జేసిందని నీకనిపిస్తుంటే మల్ల నౌకరెందుకు వోగొట్టుకున్నవయ్యా, సప్పుడుజెయ్యక ఫైల్ మూసేస్తే అయిపోవు గద అని అడిగిన. ఒక్కపారి గాదు, మస్తుసార్లు అడిగిన."

"ఏమన్నారు?"

"నాకనిపిస్తే అయిపోతదానె? నాకు అందరి మీద అనిపిస్తది. గట్లని అందర్ని రోడ్డు మీద వడేస్తనా? అన్నడు."

నాకు కోపమొచ్చింది, సిగ్గేసింది, అన్నిటినీ మించి ఏడుపొచ్చింది. ఆయన ఫొటో ముందు, ఆవిడ ముందు, చిన్నపిల్లలా ఏడ్చాను. ఇన్నేళ్లూ నన్ను నమ్మి నిలబడ్డారనుకున్న మనిషి, నేను దొంగనే అనుకుంటూ నిలబడ్డారు.

"నేను చేయలేదమ్మా" అన్నాను. "ఒట్టు. నేను చేయలేదు."

ఆవిడ నా వీపు నిమిరింది.

"ఏమో బిడ్డా, నాకేమెర్క" అంది. "చాయ్ తాగు. సల్లారిపోతాంది."